చిన్న క్యాలిబర్ రైఫిల్ కొందామనుకుంటున్నారా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఏది నప్పుతుంది?

పైడితల్లి అమ్మవారి జాతరలో బెలూన్లు కొట్టే స్టాల్ దగ్గర మొదలవుతుంది చాలామందికి ఈ ఆశ. వరసగా నాలుగు బెలూన్లు పేలితే ఆ రాత్రే ఫోన్లో ఎయిర్ గన్ల ధరలు వెతుకుతారు. అక్కడ .177 అని, .22 అని, స్ప్రింగ్, పీసీపీ, రిమ్‌ఫైర్ అని రకరకాల పేర్లు కనబడతాయి. ఏది దేనికో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇంకాస్త వెతికితే అమెరికావాళ్ల వీడియోలు వస్తాయి. వాళ్లు .22 రైఫిల్‌తో ఉడతల్నీ కుందేళ్లనీ కొట్టి వండుకుంటుంటారు. దాంతో మన మెట్ట పొలాల్లో చెవులపిల్లులు గుర్తొస్తాయి.

అందుకే రైఫిళ్ల పోలికకు ముందు వేట సంగతి తేల్చేద్దాం.

## మన దగ్గర వేట కుదరదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దాన్ని సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చెవులపిల్లి, కౌజు, పూరేడు, గువ్వ, కొంగ లాంటివన్నీ ఇప్పుడు రెండో షెడ్యూల్లో, అంటే చట్టం కాపాడే జీవుల రెండో జాబితాలో ఉన్నాయి. నెమలి, ఎలుగుబంటి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. రెండో షెడ్యూల్ జంతువును కొట్టినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మొదటి షెడ్యూల్‌దైతే మూడేళ్లకు తక్కువ కాని శిక్ష, ఏడేళ్ల దాకా. "ఎయిర్ గన్నే కదా, తుపాకీ కాదు కదా" అన్న వాదన ఇక్కడ పనికిరాదు. దేనితో కొట్టారన్నది కాదు, కొట్టారా లేదా అన్నదే చట్టం చూస్తుంది. ఉండేలుతో కొట్టినా వేటే.

కాకి, ఎలుక, గబ్బిలం లాంటివి పాత చట్టంలో "హానికర జంతువులు" అనే ఐదో షెడ్యూల్లో ఉండేవి. వాటిని కొట్టొచ్చని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ షెడ్యూలే ఇప్పుడు లేదు. ఫలానా ప్రాంతంలో ఫలానా జంతువు హానికరమని కేంద్రం కొంతకాలానికి ప్రకటించే అధికారం మాత్రం మిగిలింది.

విజయనగరం అనగానే వేట గుర్తొచ్చే రోజులు ఉండేవి. 1936లో ఇంగ్లండ్ పర్యటనలో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా వెళ్లిన మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి పులుల వేటగాడిగానూ పేరుంది. ఆ కాలం పోయింది, పోయినందుకు నాకేమీ బెంగ లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ చుట్టుపక్కల తుపాకీ భుజాన వేసుకుని తిరిగితే అటవీ శాఖ వాళ్ల కంటే ముందు ఊరివాళ్లే పట్టుకుంటారు.

కాబట్టి ఇక్కడ కొనే చిన్న క్యాలిబర్ రైఫిల్ గురి కోసమే. కాగితం మీద గురి, డబ్బాల మీద గురి, పోటీల్లో గురి. ఇది తేలిపోతే ఎంపిక సగం సులువవుతుంది. వేటకు కావాల్సిన దెబ్బ బలం మనకు అక్కర్లేదు, చిన్న గుండు చాలు.

## చిన్న క్యాలిబర్‌కు అంత మోజెందుకు

పెద్ద రైఫిల్ పేలితే భుజం అదురుతుంది, చెవులు గింగురుమంటాయి. కొత్తవాళ్లు ఆ భయంతో ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటారు, గురి అక్కడే చెడుతుంది. చిన్న క్యాలిబర్‌లో ఆ తన్ను ఉండదు. మీ చెయ్యి వణికిందా, ఊపిరి తప్పిందా, ట్రిగ్గర్ పక్కకు లాగారా అన్నది కాగితం మీద స్పష్టంగా కనబడుతుంది. తూటా ఖర్చు తక్కువ కాబట్టి ఎక్కువ కొట్టొచ్చు, ఎక్కువ కొడితేనే చెయ్యి కుదురుతుంది. చిన్న జంతువుల వేట చట్టబద్ధమైన దేశాల్లో .22ని ఇష్టపడటానికీ ఇవే కారణాలు. వాటితో పాటు ఇంకొకటి: మాంసం పాడవదు. పెద్ద తూటా తగిలిన కుందేలులో తినడానికి మిగిలేది కొంచెమే.

క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో. .177 అంటే 4.5 మిల్లీమీటర్లు, .22 అంటే సుమారు 5.6. అయితే ఆ అంకె చూసి బలం అంచనా వెయ్యకండి. ఆర్మీలో చేసి వచ్చినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఆర్మీ వాడే ఇన్సాస్ రైఫిల్ తూటా వెడల్పు 5.56 మిల్లీమీటర్లు, ఎన్‌సీసీలో పేల్చే .22 తూటా కూడా దాదాపు అంతే. కానీ ఇన్సాస్ తూటా శక్తి దానికి ఇంచుమించు పది రెట్లు. తేడా అంతా వెనకున్న మందులోను, వేగంలోను ఉంది.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

ధర చివర్లో చూడొచ్చు. నా లెక్కలో ముందు చూడాల్సింది లైసెన్స్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం, గొట్టం .177 దాటకుండా, గుండు శక్తి 20 జూల్స్ లోపు ఉంటే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. రెండింట్లో ఏది దాటినా లైసెన్స్ కావాల్సిందే.

రెండోది, ఇంతకంటే ముఖ్యమైనదని నేననుకునేది: ఎక్కడ కొడతారు, గుండు ఎక్కడ ఆగుతుంది? రైఫిల్ కొన్నాక ఆలోచిస్తాంలే అనుకునేది ఇదే. మన ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్యే ఇళ్లుంటాయి. తోట అవతల ఎవరూ లేరనుకుంటాం, అక్కడ జీడి పిక్కలు ఏరుకునే ఆడవాళ్లు ఉంటారు. ఎయిర్ రైఫిల్ గుండు కూడా రెండు మూడు వందల మీటర్లు పోగలదు, కంట్లో పడితే చూపు పోతుంది. మందుతో పేలే .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా కిలోమీటరు దాటి పోతుంది, చెరువు నీటి మీద పడితే ఎగిరి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

మూడోది చప్పుడు. నాలుగోది నెల నెలా అయ్యే ఖర్చు. ఐదోది మన ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఇనప గ్రిల్ ఎంత త్వరగా తుప్పు పడుతుందో చూస్తున్నారు కదా, రైఫిల్ గొట్టమూ అంతే.

| చూడాల్సింది | .177 స్ప్రింగ్ | .177 పీసీపీ (ముందే గాలి నింపినది) | .22 ఎయిర్ రైఫిల్ | .22 ఎల్ఆర్ రైఫిల్ |
|---|---|---|---|---|
| లైసెన్స్ | 20 జూల్స్ లోపు అక్కర్లేదు | 20 జూల్స్ లోపు అక్కర్లేదు | కావాలి | కావాలి |
| గుండు బరువు | సుమారు అర గ్రాము | సుమారు అర గ్రాము | సుమారు ఒక గ్రాము | సుమారు 2.6 గ్రాములు |
| శక్తి | 20 జూల్స్ లోపు | 20 జూల్స్ లోపు | మోడల్‌ను బట్టి | 140 జూల్స్, ఆపైన |
| కుదుపు | ముందుకూ వెనక్కీ ఉంటుంది | దాదాపు లేదు | స్ప్రింగ్‌దైతే ఉంటుంది | చాలా తక్కువ |
| చప్పుడు | పెరట్లో సర్దుకోవచ్చు | మోడల్‌ను బట్టి టప్‌మంటుంది | కాస్త ఎక్కువ | తుపాకీ చప్పుడే |
| తోడుగా కావాల్సినవి | గుళ్లు, గోనె సంచులు | పంపు లేదా సిలిండర్, సీళ్లు | గుళ్లు, లైసెన్స్ | క్లబ్ సభ్యత్వం, లైసెన్స్, తూటాలు |
| ఎక్కడ | ఇంటి పెరట్లో 10 మీటర్లు | పెరడు, క్లబ్ | క్లబ్ | అనుమతి ఉన్న రేంజ్‌లోనే |

## .177 స్ప్రింగ్ రైఫిల్

మన రెండు జిల్లాల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పే జవాబు ఇదే. గొట్టాన్ని మధ్యలో విరిచినట్టు కిందికి వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. గుండు పెట్టి, గొట్టం మూసి, ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి గుండును తోస్తుంది. కరెంటు, సిలిండర్, పంపు ఏదీ అక్కర్లేదు. ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీ నెంబర్ 35 రైఫిల్ పాత తరంవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు ప్రెసిహోల్ లాంటి దేశీ కంపెనీలవి దొరుకుతున్నాయి. ధర కొన్ని వేల దగ్గర మొదలై పదిహేను వేల చుట్టుపక్కల దాకా ఉంటుంది.

దీని లోపం ఏమిటంటే, ఇది చూడ్డానికి సులువు, సరిగ్గా కొట్టడం కష్టం. పిస్టన్ ముందుకు దూసుకెళ్లేటప్పుడు రైఫిల్ వెనక్కి కదులుతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపిస్తుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఇదంతా జరిగిపోతుంది. అందుకే సినిమాల్లోలా గట్టిగా బిగించి పట్టుకుంటే గుళ్లు చెల్లాచెదురు అవుతాయి. ముందు చెయ్యి అరచేతి మీద రైఫిల్‌ను ఊరికే ఆనించి, ప్రతిసారీ ఒకే చోట, ఒకే ఒత్తిడితో పట్టుకోవాలి. ఇది అలవాటయ్యేదాకా విసుగొస్తుంది. అలవాటయ్యాక మాత్రం ఏ రైఫిల్ ఇచ్చినా కొడతారు. స్ప్రింగ్ రైఫిల్‌తో నేర్చుకున్నవాడికి పీసీపీ ఇస్తే సెలవు దొరికినట్టు ఉంటుంది.

ఆ రెండు వైపుల కుదుపు వల్లే మామూలు చవక స్కోప్‌లు దీని మీద పాడైపోతాయి. స్కోప్ పెట్టాలనుకుంటే ఎయిర్ రైఫిల్ కోసమే చేసినది కొనండి. లేదంటే మొదటి ఏడాది స్కోప్ వద్దు, గొట్టం మీదున్న మామూలు సైట్లతోనే కానివ్వండి. స్కోప్ డబ్బులు గుళ్లకు పెట్టండి.

గుళ్లలో చదును మూతివి కాగితం మీద గుండ్రటి శుభ్రమైన రంధ్రం చేస్తాయి, 10 మీటర్లకు అవే మేలు. గుండ్రటి మూతివి దూరానికి బాగుంటాయి. ఒకే రైఫిల్‌కు ఒక కంపెనీ గుండు కుదిరి, ఇంకోటి కుదరకపోవడం మామూలే. రెండు మూడు రకాలు చిన్న డబ్బాలు తెచ్చి, బల్ల మీద ఆనించి కొట్టి చూసి, ఏది ఒకే చోట పడుతోందో అదే పెద్ద డబ్బా కొనండి.

జాగ్రత్తలు కొన్ని. గుండు పెట్టేటప్పుడు వంచిన గొట్టాన్ని రెండో చేత్తో పట్టుకునే ఉండాలి, జారిందంటే వేళ్లు చితుకుతాయి. గుండు లేకుండా పేల్చకూడదు, పిస్టన్ నేరుగా గొట్టం చివర కొట్టుకుని సీల్ పగులుతుంది. బిగించి గంటల తరబడి వదిలేస్తే స్ప్రింగ్ నీరసిస్తుంది. గాలి గదిలో కుట్టుమిషన్ నూనో, బండి ఆయిలో పొయ్యకండి. లోపలి వేడికి ఆ నూనె అంటుకుని, పొగ, గట్టి చప్పుడు వచ్చి సీళ్లు పోతాయి. బయటి ఇనుముకు మాత్రం ప్రతిసారీ పల్చగా నూనె గుడ్డతో తుడవాలి. చెమట చేతి ముద్రలే మన వైపు తుప్పుకు మొదటి కారణం.

"స్ప్రింగ్ మార్చి పవర్ పెంచుతాం" అనేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. 20 జూల్స్ దాటిన నిమిషంలో మీ చేతిలో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. పైగా గురి కూడా చెడుతుంది. ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల రైఫిళ్ల శక్తి ఏడెనిమిది జూల్స్ దరిదాపుల్లోనే ఉంటుంది.

## .177 పీసీపీ

ఇందులో గాలి ముందే సిలిండర్‌లో నింపి ఉంటుంది, సాధారణంగా 200 బార్ ఒత్తిడి దగ్గర. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ తెరుచుకుని కొంచెం గాలి వదులుతుంది. పిస్టన్ లేదు కాబట్టి కుదుపు దాదాపు లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీలో లక్ష్యం మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని పదే పదే తాకడానికి ఇలాంటి రైఫిలే కావాలి.

దేశీ పీసీపీలు మంచి స్ప్రింగ్ రైఫిల్‌కు రెండు మూడు రెట్ల ధరలో ఉంటాయి. జర్మనీ నుంచి వచ్చే పోటీ రైఫిళ్లు లక్షల్లోకి పోతాయి. ధర ఒక్కటే చూసుకుని లెక్క వెయ్యకండి, గాలి ఎక్కణ్నుంచి వస్తుందన్నది కూడా చూసుకోవాలి. చేతి పంపుతో 200 బార్ నింపడం అంటే లారీ టైరుకు గాలి కొట్టడం కంటే కష్టం. దాంతో పాటు మన తేమ గాలి ఆ పంపులోంచి రైఫిల్ లోపలికి పోతుంది. తేమను ఆపే ఫిల్టర్ ఉన్న పంపు కాకపోతే లోపల తుప్పు పడుతుంది. పెద్ద సిలిండర్ కొంటే దాన్ని నింపే చోటు మీకు దగ్గర్లో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఒకటి మాత్రం ఎవరికైనా గట్టిగా చెప్పండి: వెల్డింగ్ షాపులోని ఆక్సిజన్ సిలిండర్‌తో పీసీపీ నింపకూడదు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు కాస్త గ్రీజు తగిలితే చాలు, పేలుతుంది. గాలే కదా అని రాజాంలోనో పార్వతీపురంలోనో వెల్డర్ దగ్గరకు తీసుకెళ్లే ఆలోచన వచ్చిందంటే అక్కడే ఆపెయ్యండి.

పోటీల వైపు నిజంగా పోతున్నారంటే పీసీపీ తప్పదు. ఆదివారం పెరట్లో డబ్బాలు కొట్టడానికైతే ఇది డబ్బు దండగ.

## .22 ఎయిర్ రైఫిల్

దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు. విదేశాల్లో ఎయిర్ రైఫిల్‌తో వేటాడేవాళ్లు ఇది ఇష్టపడతారు, గుండు బరువు ఎక్కువ కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. మనకు వేట లేదు. కాగితానికి ఆ బరువు అక్కర్లేదు. పైగా లైసెన్స్ కావాలి. లైసెన్స్ కోసం అంత తిరగగలిగినవాళ్లు .22 ఎల్ఆర్‌కే తిరగొచ్చు. లైసెన్స్ లేకుండా .22 ఎయిర్ గన్ పంపిస్తామని ఎవరైనా అంటే ఆ బేరం మానుకోండి. పార్సిల్ మీ పేరుతోనే వస్తుంది, పట్టుబడితే మీరే నిందితులు.

## .22 ఎల్ఆర్ రైఫిల్

అసలు చిన్న క్యాలిబర్ రైఫిల్ అంటే ప్రపంచంలో ఎక్కువమందికి ఇదే. 1887లో అమెరికాలో వచ్చిన ఈ తూటా ఇప్పటికీ అదే కొలతలతో నడుస్తోంది. 40 గ్రెయిన్ల సీసపు గుండు, అంటే సుమారు 2.6 గ్రాములు. ధ్వని వేగానికి కాస్త అటూఇటూగా పోతుంది. పెద్ద తూటాల్లో మధ్యలో ఉండే పిన్ దెబ్బకు పేలే మందు ఇందులో అంచులో ఉంటుంది. రిమ్‌ఫైర్ అనేది అందుకే. తూటా ఖాళీ గుల్లను మళ్లీ నింపుకోలేం.

పేల్చి చూసినవాళ్లు దీన్ని ఎందుకు మరిచిపోరంటే, ఎయిర్ రైఫిల్ కంటే ఎక్కువ దూరం, పెద్ద రైఫిల్ కంటే తక్కువ తన్ను. 50 మీటర్ల దూరంలో గాలి లెక్క మొదలవుతుంది. సముద్రం వైపు నుంచి గాలి వీచే రోజున తూటా పక్కకు జరగడం కళ్లారా చూస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. పడుకుని, మోకాలి మీద, నిలబడి, మూడు రకాలుగా కొట్టాలి అందులో.

లైసెన్స్ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే, గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ లేదా అసోసియేషన్ సభ్యుడు గురి సాధన కోసం .22 రైఫిల్ గానీ ఎయిర్ రైఫిల్ గానీ అడిగితే లైసెన్స్ ఇవ్వాలని ఉంది. కాదనడానికి చట్టంలోనే చెప్పిన వేరే కారణాలు ఉంటే తప్ప. అదే సెక్షన్‌లో పంట రక్షణ అన్నప్పుడు చెప్పింది మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ గురించి, .22 గురించి కాదు. అందుకని దరఖాస్తులో "పొలానికి కాపలా కోసం .22" అని రాసి కలెక్టరేట్ చుట్టూ తిరగడం కంటే, ముందు క్లబ్‌లో సభ్యత్వం తీసుకోవడం దగ్గరి దారి.

వయసు 21 నిండాలి. పోలీసు విచారణ ఉంటుంది. తుపాకీ సురక్షితంగా వాడటం నేర్చుకున్నట్టు కాగితం కావాలి. 2019 సవరణతో ఒక్కరి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్స్ మీదే రాస్తారు. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు, పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా మనకు ఎన్నికలకు కొదవ లేదు. ఈ టెన్షన్ అంతా పడగలిగితేనే కొనండి. లేకపోతే క్లబ్ రైఫిల్‌తో కొట్టి ఇంటికి రండి.

## ఎవరికి ఏది

పిల్లాడికి షూటింగ్ నేర్పిద్దామనుకునే తల్లిదండ్రులు. ముందు ఎన్‌సీసీ చూడండి. బడిలో జూనియర్ డివిజన్ ఉంటే .22 రైఫిల్ పట్టుకోవడం, పడుకుని గురి పెట్టడం, రేంజ్ క్రమశిక్షణ అన్నీ పెద్దగా ఖర్చు లేకుండా వస్తాయి. పిల్లాడికి ఇష్టం నిలబడితే .177 స్ప్రింగ్ కొని ఇంట్లో మీ కళ్లముందే సాధన చేయించండి. లక్షలు పెట్టి జర్మన్ రైఫిల్ కొనడం కోచ్ చెప్పేదాకా వాయిదా వెయ్యండి. ఎదిగే పిల్లల చేతుల పొడవు మారుతుంది, ఈ ఏడాది సరిపోయిన బట్ (భుజానికి ఆనే వెనక భాగం) పై ఏడాదికి పొట్టిదవుతుంది. ఈ ఖర్చును పదో తరగతి మార్కులతో ముడిపెట్టి బేరమాడకండి. గురి కుదరని రోజున పిల్లాడికి ఆ మార్కులే గుర్తొస్తాయి.

ఆర్మీ, నేవీ నుంచి రిటైరై వచ్చినవాళ్లు. మన జిల్లాల్లో ఊరికి కొందరు ఉంటారు. మీకు .22 ఎల్ఆర్ తప్ప ఇంకేదీ నచ్చదు, తెలుసు. అయితే ఇన్సాస్ పట్టిన చేతికి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొత్త పరీక్ష పెడుతుంది. గట్టిగా భుజానికి అదిమే అలవాటు దీనితో పనికిరాదు. ఇంట్లో ఇది ఉంచుకుని, .22 కోసం క్లబ్‌కు వెళ్లడానికే నా ఓటు.

పొలంలో కోతులు, పందులు, చిలకలతో విసిగినవాళ్లు. ఈ పోలికలో మీకు పనికొచ్చేది ఏదీ లేదు. నిజంగానే లేదు. ఎయిర్ గన్ గుండు కోతిని చంపదు, గాయం చేస్తుంది. గాయపడిన కోతి గుంపుతో మళ్లీ వస్తుంది. కొత్త భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, పనికిరాకుండా గాయపరిచినా ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. వీధి కుక్కల మీద ఎయిర్ గన్ పేల్చేవాళ్లకూ ఇదే సెక్షన్. అడవి పంది పంట నాశనం చేస్తుంటే అటవీ శాఖ నుంచి లిఖితంగా అనుమతి వచ్చాకే ఏదైనా. అప్పుడు కూడా చిన్న క్యాలిబర్ ఆ పనికి చాలదు. ఇక మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంటి భయంతో .22 కొంటామనేవాళ్లకు ఒకటే మాట: ఆ తూటా ఎలుగుకు కోపం తెప్పించడానికి మాత్రమే పనికొస్తుంది. జీడి తోటకు తెల్లారకుండా ఒంటరిగా పోకపోవడం, గట్టిగా మాట్లాడుకుంటూ గుంపుగా పోవడం దానికంటే మంచి రక్షణ. పిట్టలకు వడిసెల చప్పుడు, మెరిసే రిబ్బన్లు, వలలు వాడండి. మంచె మీద కూర్చుని డబ్బా వాయించే పద్ధతికి కూడా ఇంకా కాలం చెల్లలేదు.

అమెరికా వెళ్లినవాళ్లు. అక్కడ చిన్న జంతువుల వేట చట్టబద్ధం, సీజన్ ఉంటుంది, రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్స్ కావాలి. చాలాచోట్ల ముందుగా భద్రతా శిక్షణ కూడా తీసుకోవాలి. ఉడత, కుందేలు కోసం .22 ఎల్ఆర్ అక్కడ మొదటి ఎంపిక, 50 గజాల చుట్టుపక్కల దూరానికి అది బాగా సరిపోతుంది. 1959లో వచ్చిన .22 మాగ్నమ్ ఇంకాస్త దూరం, ఇంకాస్త దెబ్బ. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ గుండు చిన్నది, వేగం చాలా ఎక్కువ, దారి చదునుగా ఉంటుంది, కానీ దగ్గర్నుంచి తగిలితే మాంసం చెడుతుంది. వండుకోవడానికైతే ఎల్ఆర్, దూరం నుంచి గురి సరదాకైతే హెచ్‌ఎంఆర్. కాలిఫోర్నియాలో ఉంటే సీసపు తూటాతో వేటాడకూడదు, 2019 జులై 1 నుంచి ఆ నిషేధం పూర్తిగా అమల్లో ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి: హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా అక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి రైఫిల్‌ను సరదాగా పట్టుకుని ఫొటో దిగేముందు ఇది గుర్తుంచుకోండి, గ్రీన్ కార్డు దాకా పోయే తలనొప్పి అది.

## పెరట్లో రేంజ్ పెట్టుకునేటప్పుడు

10 మీటర్లు పొడుగు, వెనక గోడ, గోడకు ముందు ఇసుక నింపిన గోనె సంచులు రెండు వరసలు. సంచుల ముందు పాత బట్టలు కుక్కిన అట్టపెట్టె పెట్టి, దానికి లక్ష్యం కాగితం అంటించండి. ఇటుక గోడను నేరుగా కొడితే గుండు వెనక్కి ఎగిరి మీ మీదకే వస్తుంది, గట్టి చెక్క, రాయి, ఇనుము కూడా అంతే. కళ్లద్దాలు తప్పనిసరి. డాబా మీద రేంజ్ వద్దు. పిట్టగోడ మీద నుంచి జారిన ఒక్క గుండు పక్కింటి పెరట్లో పడితే ఆ గొడవ ఏళ్లు నడుస్తుంది. తలుపు ఉన్న వైపు ఎప్పుడూ మీ వెనకే ఉండాలి. ఎదర ఉంటే ఎవరో ఒకరు టీ తీసుకుని వస్తారు.

గుళ్లు సీసం. కొట్టాక చేతులు సబ్బుతో కడుక్కుని గాని ఏమీ తినకండి. పెట్టెలో పడిన గుళ్లు ఏరి వేరే డబ్బాలో వెయ్యండి, పశువుల కుడితి తొట్టి దగ్గర, కోళ్లు తిరిగే చోట రాలనివ్వకండి.

కొనేటప్పుడు షాపుకు వెళ్లి చేతితో పట్టుకుని చూసి కొనడమే మంచిది. గొట్టం మూశాక అటూఇటూ కదిపితే ఆడకూడదు. బిల్లు మీద మోడల్, నంబర్, క్యాలిబర్ రాయించుకోండి, గుండు శక్తి ఎన్ని జూల్స్‌లో కంపెనీ చెబుతుందో ఆ కాగితం కూడా తీసుకోండి. దారిలో ఎవరైనా ఆపితే ఈ రెండు కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి. తీసుకెళ్లేటప్పుడు సంచిలో పెట్టి, గుండు లేకుండా తీసుకెళ్లండి. అడవి దారుల్లో, ముఖ్యంగా అభయారణ్యం పరిధిలో, వద్దే వద్దు. ఇంట్లో బీరువాలో తాళం వేసి, గుళ్ల డబ్బా వేరే చోట పెట్టండి. సంక్రాంతికి ఇల్లంతా పిల్లలే ఉంటారు, ఆ తాళం చెవి ఎక్కడ పెట్టారో ఆ మూడు రోజులూ మీకొక్కరికే తెలియాలి.